మండలంలో పనుంది

వినుకొండ బస్టాండులో ఇంకా మసక చీకటే. మీరెక్కిన పల్లెవెలుగు ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. కిటికీ సందులోంచి వచ్చే చలి చెవులను కోస్తోంది. ఈవేళ 2025 ఫిబ్రవరి 24, సోమవారం. ఎల్లుండే శివరాత్రి. ఇంకో రెండు రోజులు ఓర్చుకుంటే ఈ చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని వెనక సీట్లో ఎవరో అంటున్నారు.

మీ పక్కన డెబ్భై దాటిన పెద్దాయన కూర్చున్నాడు. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు, ఒళ్లో ఎరువుల కొట్టువాళ్లిచ్చిన చేతిసంచి. దాన్ని రెండు చేతులా పట్టుకున్న తీరు చూస్తేనే లోపల ఉన్నవి కాగితాలని తెలిసిపోతుంది.

"యాడికి తాతా?" అన్నాడు కండక్టరు.

"ఈపూరు. మండలంలో పనుంది."

ఆ మాట గుర్తు పెట్టుకోండి. పటంలో మండలమంటే కొన్ని ఊళ్లు, వాటి చుట్టూ ఒక గీత. ఇక్కడి నోళ్లలో మండలమంటే ఆఫీసు. అడంగల్ కావాలన్నా, కులం సర్టిఫికెట్ కావాలన్నా, గట్టు తగాదా తెగాలన్నా మండలానికి పోవాలి. అధికారి హోదా తహసీల్దారుగా మారి ఏళ్లు గడిచినా జనానికి ఆయన ఎమ్మార్వోనే.

బస్సు ఊరు దాటుతుంటే ఎడంగా కొండ కనబడుతుంది. దాని మీద రామలింగేశ్వరుడి గుడి. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయిన కబురు రాముడు ఇక్కడే విన్నాడని, అందుకే ఇది వినుకొండ అయిందని స్థల పురాణం. ఈ సీమ పేరులోనే వినడం ఉంది. మీ పక్కనున్న పెద్దాయన కూడా తన మాట వినే చెవి కోసమే ఇంత పొద్దున బయల్దేరాడు.

వెలుతురు పరుచుకుంటోంది. రోడ్డుకు అటూ ఇటూ కోత కోసిన కంది మోళ్లు, చివరి తీత కోసం ఆగిన పత్తి చేలు, వాటి నడుమ ఎర్రగా మిరప. పడమట నల్లమల వైపు నుంచి దిగివచ్చిన కొండలు నీలంగా వరస కట్టాయి. పెద్దాయన మిమ్మల్ని ఎగాదిగా చూసి, తనే మాట కలిపాడు.

"నేను పుట్టినప్పుడు మాది వినుకొండ తాలూకా, గుంటూరు జిల్లా. ఇప్పుడు ఈపూరు మండలం, పల్నాడు జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉంది బాబూ."

ఆయన ఒక్క ముక్కలో చెప్పినదాని వెనక రెండువందల ఏళ్ల కథ ఉంది. 1788లో నిజాం చేతిలోంచి గుంటూరు సర్కారు ఈస్టిండియా కుంపిణీకి దక్కింది. ఈ వినుకొండ సీమలో శిస్తు వసూలు మల్రాజు వంశపు జమీందారులది. ఆ ఇంటివాడైన నరసారాయణి పేరు మీదే అట్లూరు నరసరావుపేట అయింది. 1832లో నందన నామ సంవత్సరం వచ్చింది. వానలు మొహం చాటేశాయి. మనుషుల డొక్కలు ఎండి ఎముకలు బయటపడ్డాయి కాబట్టి జనం దాన్ని డొక్కల కరువన్నారు. గుంటూరు జిల్లాలో ఉన్న ఐదు లక్షల మందిలో లక్షన్నర మంది పోయారని ఆనాటి అంచనా. పల్లెలకు పల్లెలు పాడుబడ్డ ఆ ఏళ్ల తర్వాత 1859లో గుంటూరు జిల్లానే ఎత్తేసి కృష్ణా జిల్లాలో కలిపారు. 1904లో మళ్లీ గుంటూరు జిల్లా పుట్టింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా వచ్చింది.

అసలు పల్నాడంటే పాతవాళ్ల లెక్కలో గురజాల, మాచర్ల, కారెంపూడి వైపు. పన్నెండో శతాబ్దంలో నలగామరాజు పక్షాన నాగమ్మ, మలిదేవుల పక్షాన బ్రహ్మనాయుడు నిలబడి పోరిన నేల అది. కులాలు చూడకుండా అందరినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి బువ్వ పెట్టిన చాపకూడు కథ ఆ నేలదే. వినుకొండ సీమవాళ్లకు ఆ పేరు పొరుగింటి పేరు. ఇప్పుడది సొంత చిరునామా. పెద్దాయనకు ఆ సంగతి మీద ఫిర్యాదేం లేదు. "బ్రహ్మనాయుడి జిల్లా అంటే మంచిదేగా" అన్నాడు.

*

ఈపూరులో దిగారు. టీ కొట్టు ముందు నాపరాళ్ల బండ మీద ఇప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు. గాల్లో మిరప ఘాటు. టీ తాగుతుంటే మీకు తుమ్మొచ్చింది. కొట్టతను నవ్వి, "రెండు రోజులుంటే అలవాటైద్ది సార్" అన్నాడు.

చరిత్ర చదువుకున్నవాళ్లకు ఈపూరు పేరు వినగానే విష్ణుకుండినుల రాగిరేకులు గుర్తుకొస్తాయి. మాధవవర్మ శాసనాలు దొరికిన ఆ ఈపూరు తెనాలి వైపుది. ఈ ఈపూరుకు ఆ రాగిరేకుల ఘనత లేదు. ఈ సీమకు దక్కింది రేకు మీద రాత కాదు, రాగి పుట్టిన రాయి. దాన్ని చూడ్డానికి మధ్యాహ్నం అగ్నిగుండాల పోదురుగాని. ముందు పెద్దాయన వెంట నడవండి.

పదింటికల్లా ఆఫీసు ఆవరణ నిండింది. సోమవారం అర్జీల రోజు. చెట్టు కింద ఒకాయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని అర్జీలు రాసిపెడుతున్నాడు. "గౌరవనీయులైన తహసీల్దారు గారి దివ్యసముఖమునకు" అనే మొదటి వరసను ఆయన కలం కాగితం వైపు చూడకుండానే రాస్తోంది. వితంతు పింఛను కోసం వచ్చిన ఒకామె, గుంటూరులో చదివే కొడుకు సర్టిఫికెట్ కోసం వచ్చిన తండ్రి, కౌలు కార్డు దొరక్క తిరుగుతున్న కుర్రాడు వరసలో ఉన్నారు. సొంత భూమి లేకుండా సేద్యం చేసేవాడికి ఆ కార్డు లేకపోతే బ్యాంకు అప్పు ఇవ్వదు, పంట పోతే పరిహారం అందదు.

ఈ చెట్టు కిందికి జనం రావడం 1985 తర్వాతి సంగతి. అంతకుముందు ఊళ్లో కరణం, మునసబు, పైన తాలూకా, ఆపైన కలెక్టరు. కరణం ఇంట్లో చెక్కపెట్టె, పెట్టెలో దఫ్తరం, దఫ్తరంలో ఊరి భూములన్నిటి జాతకం ఉండేది. ఆ పెట్టె తెరవాలంటే ఆయన దయ కావాలి. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణాలను, మునసబులను తీసేసింది. మరుసటి ఏడు తాలూకాలను పక్కనపెట్టి రాష్ట్రమంతా వెయ్యికి పైగా మండలాలు చేసింది. తాలూకా కచ్చేరీ కోసం పొద్దు గూకేదాకా ఎదురుచూసినవాళ్లకు ఆఫీసు దగ్గరికొచ్చింది. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాయి, ఇంకొంచెం దగ్గరైంది. గుంటూరు కలెక్టరాఫీసు వినుకొండకు ఎనభై కిలోమీటర్ల పైమాట. జిల్లా విడిపోయాక అందులో సగం దూరం తగ్గింది. నలభై ఏళ్లలో ప్రభుత్వం మూడుసార్లు జనం వైపు అడుగేసింది. పేదవాడికి ఒక బస్సు చార్జీ మిగలడమంటే ఏమిటో తెలిసినవాళ్లు దీన్ని చిన్న మేలుగా కొట్టిపారేయరు.

పెద్దాయన వంతు వచ్చింది. సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. శిస్తు రసీదులు, పాత అడంగల్ నకళ్లు. వాటి మీద తేదీల బదులు ఫసలీలున్నాయి. మొగలుల నాటి లెక్క, జులైతో మొదలయ్యే రైతు సంవత్సరం. ఈ ఏడు ఫసలీ 1434. గుమస్తా కుర్రాడు ఓపికగా సర్వే నంబరు చూసి, రీసెటిల్‌మెంటు రిజిస్టరు నకలు తీశాడు. దాన్ని జనం ఆర్ఎస్ఆర్ అంటారు. తెల్లదొరల కాలంలో భూములు కొలిచి, ఏది ఎవరిదని రాసిన మూలగ్రంథం. నూరేళ్ల నుంచి ఏ తగాదా వచ్చినా అందరూ ఆ పుస్తకం దగ్గరికే పోతారు.

కుర్రాడి వేలు వరస వెంట జరిగింది. సర్వే నంబరు ఉంది. విస్తీర్ణం ఉంది. పేరు ఉండాల్సిన గడిలో చుక్కలున్నాయి. పక్కపక్కన కొన్ని చుక్కలు, అంతే.

వీటినే చుక్కల భూములంటారు. కొలిచిననాడు భూమి ప్రభుత్వానిదో, ప్రైవేటుదో తేలకపోతే, హక్కుదారు ఎదురుగా లేకపోతే, ఆ గడిలో పేరుకు బదులు చుక్కలు పెట్టి ముందుకు పోయారు. మునిమనవళ్ల కాలానికి ఆ చుక్కలు సంకెళ్లయ్యాయి. దున్నుకోవచ్చు, అమ్ముకోవడానికి లేదు, కూతురి పెళ్లికి తాకట్టు పెట్టడానికి లేదు. 2017లో వీటి కోసమే రాష్ట్రం ఒక చట్టం చేసింది. 2023లో రెండు లక్షల ఎకరాలకు పైగా భూమికి ఆ ముడి విప్పామని ప్రభుత్వం ప్రకటించింది. పెద్దాయన ఎకరన్నర వాటిలో లేదు.

ఆయన బల్ల మీదికి వంగి ఆ గడి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత చుక్కల మీద వేలు పెట్టాడు.

"ఈ చుక్కల్లో మా తాత ఉండాడు బాబూ."

గుమస్తా కుర్రాడు తలెత్తలేదు. కాసేపు గదిలో ఫ్యాను చప్పుడే మిగిలింది. "జిల్లా కమిటీలో పెట్టాలి పెద్దాయనా. కలెక్టరు గారు చూస్తారు. అర్జీ ఎక్కించి రసీదిస్తా, నరసరావుపేటలో ఓసారి కనబడి రా" అన్నాడు. ఆ గొంతులో విసుగు లేదు.

వసారాలో నిలబడి పెద్దాయన రసీదు మడత పెడుతుంటే మీకు ఇంకో అర్జీ గుర్తుకొస్తుంది. ఈ పొద్దున మీరు దాటి వచ్చిన కొండ నీడలోనే 1895 సెప్టెంబరు 28న కవి గుర్రం జాషువా పుట్టాడు. ఆయన కావ్యంలో, గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పుకోవాలనుకుంటాడు. మనుషుల్లో ఎవరూ మోయరు. గుడిలో తలకిందులుగా వేలాడే పక్షికి మాత్రం అడ్డు లేదు. దాని చేత కబురు పంపుతాడు. 1941 నాటి గబ్బిలం కావ్యం అది. వినుకొండ సీమ రాసిన అర్జీలన్నిటిలోకీ పెద్దది అదేనని అనిపిస్తుంది. దానికి రసీదు ఇచ్చినవారు లేరు. పాఠకులే తరతరాలుగా అందుకుంటున్నారు.

*

ఎండ నడినెత్తికొచ్చింది. ఊరి బయట కల్లాల వైపు నడవండి. చూపు ఆనినంతమేరా నేల మీద ఎర్రటి మిరపకాయలు పరిచి ఉన్నాయి. కాళ్ల కింద గలగలమంటే కాయ ఎండినట్టు. మెత్తగా నలిగితే ఇంకో రెండెండలు తగలాలి. రాత్రి మంచు పడుతుందని పట్టాలు కప్పి, పొద్దున్నే తీస్తారు. తలకు గుడ్డ కట్టుకుని ఆడవాళ్లు వరసగా కూర్చుని తాలు ఏరుతున్నారు. రంగు చెడి తెల్లబారిన కాయ తాలు. చేతివేళ్లు మండకుండా కొందరు కొబ్బరినూనె రాసుకున్నారు.

"మాది మార్కాపురం అవతల" అంది ఒకామె. "సంకురాత్రి కాగానే వస్తాం, ఉగాదికి పోతాం. అక్కడ వాన లేదు, పని లేదు. పిల్లల్ని మా అత్త కాడ వదిలొచ్చా." మాటాడుతూనే ఆమె చేయి ఆగలేదు. ప్రతి ఏటా కోతల కాలానికి పడమటి మెట్ట ఊళ్ల నుంచి ఇలా జనం కదిలివస్తారు. ఈ రెండు నెలలూ మండలం జనాభా కాగితంలో ఉన్నదానికంటే ఎక్కువ. ఏ రిజిస్టరులోనూ వాళ్ల పేర్లుండవు. పంట మాత్రం వాళ్ల చేతుల మీదుగానే ఇల్లు చేరుతుంది.

రైతు గొడుగు కింద కూర్చుని ఫోనులో గుంటూరు యార్డు ధరలు చూస్తున్నాడు. 2021లో నల్ల తామర పురుగు పూత మీద పడి చేలను పీకేయించింది. ఆ తర్వాత క్వింటాలు ఇరవై వేలు పలికిన రోజులు చూశాడు. ఆ ఆశతో కౌలు పెంచి ఇంకో రెండెకరాలు పట్టాడు. ఇప్పుడు ధర సగానికి జారింది. క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి ఆదుకుంటామని ఢిల్లీ ఈ నెలలోనే మాటిస్తోంది. "కోత కూలి, మందులు, కౌలు, టిక్కీ కట్టి యార్డుకి తోలిన బాడుగ. ఇవన్నీ పోను మనకేం మిగిలిద్దో మీరే చెప్పండి" అన్నాడు. మీరు చెప్పలేకపోయారు. ఆఫీసు నడిచి దగ్గరికొచ్చింది నిజమే. అతని ధర తేల్చే చోటు ఇంకా అంత దూరంలోనే ఉంది.

ఆటో ఎక్కి అగ్నిగుండాల వైపు పోతే నేల రంగు మారుతుంది, చెట్లు చిట్టడవి అవుతాయి, కొండలు మీదికొస్తాయి. భూగర్భ శాస్త్రజ్ఞులకు ఈ ఊరు సుపరిచితం. రాగి, సీసం ఉన్న ఈ కొండల వరసకు వాళ్లు పెట్టుకున్న పేరే అగ్నిగుండాల. కుంపిణీ కొలువులో ఉన్న బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇక్కడి రాగి గని గురించి రాశాడు. అది 1814లో లండన్‌లో అచ్చయింది. ఇరవయ్యో శతాబ్దం చివరి దశకాల్లో హిందుస్థాన్ జింక్ సంస్థ పక్కనే బొల్లాపల్లి వైపు బండ్లమొట్టు కొండలో సీసం తవ్వి విశాఖ కర్మాగారానికి పంపింది. కొన్నేళ్లకు ఆ గని మూతపడింది.

దారి పక్క ఒక రాయి తీసి చూడండి. బూడిదరంగు మీద సన్నటి ఆకుపచ్చ చార కనిపిస్తే అది రాగి చిలుము. అరచేతిలో అది చల్లగా ఉంటుంది. ఏ రాజుల కాలంలోనో పేరు తెలియని పనివాళ్లు ఈ చార పట్టుకునే కొండలోకి తవ్వుకుంటూ పోయారు. కొలుములు పెట్టి రాయిని కరిగించారు. రాగిరేకు మీద దానం ఇచ్చిన రాజు పేరుంటుంది, పుచ్చుకున్నవాడి పేరుంటుంది, చెక్కినవాడి పేరు కూడా ఒక్కోసారి ఉంటుంది. రాగిని నేలలోంచి తీసినవాడి గడిలో ఉన్నవి చుక్కలే.

*

పొద్దు వాలింది. పొద్దున పాత తాలూకా కేంద్రం నుంచి వచ్చారు, ఇప్పుడు కొత్త జిల్లా కేంద్రానికి పోయే బస్సులో ఉన్నారు. ముందు సీట్లో చూస్తే పెద్దాయన. నరసరావుపేటలో కూతురింట్లో పడుకుని, పొద్దున్నే కలెక్టరాఫీసు దగ్గరికి పోతాడట.

వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద కాలువలో సాయంకాలపు నీళ్లు రాగి రంగులో పారుతున్నాయి. "సాగర్ నీళ్లు" అన్నాడు పెద్దాయన, దేవుణ్ణి చూపించినట్టు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. ఆ ప్రాజెక్టు కట్టాలని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ ఊరూరా తిరిగి పోరాడాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. 203 కిలోమీటర్ల కుడి కాలువ పల్నాడు మీదుగా ప్రకాశం దాకా సాగి, జొన్న, సజ్జ తప్ప ఎరగని మెట్టను మార్చింది. కొంత మాగాణి అయింది, చాలా భాగం ఆరుతడికి వచ్చింది. మిరప, పత్తి ఆ తడి మీదే నిలబడ్డాయి.

"నీళ్లొచ్చిన యేడు మా నాయన కాలువలో దిగి మోకాళ్ల లోతులో నిలబడి ఏడ్చాడు" అన్నాడు పెద్దాయన. "నందన కరువు సంగతి వాళ్ల తాతలు చెప్పుకునేవోళ్లు. ఆకలి కథలు విని పెరిగిన మనిషికి నీళ్లు చూస్తే ఏడుపే వచ్చుద్ది." డొక్కల కరువు మీకు పొద్దున ఒక అంకె. ఇప్పుడది మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఉన్న మనిషి.

చీకటి పడింది. నరసరావుపేట దగ్గరపడేకొద్దీ డప్పుల చప్పుడు. ఒక పల్లె దగ్గర రోడ్డంతా జనం. బస్సు ఆగిపోయింది. ఎవరూ విసుక్కోలేదు. ఎల్లుండి కోటప్పకొండ తిరునాళ్లకు ఆ ఊరివాళ్లు ప్రభ కడుతున్నారు. వెదుళ్లు, వాసాలు బిగించి నిలబెట్టిన పెద్ద చట్రం తాటిచెట్లను మించి ఆకాశంలోకి లేచింది. దాన్ని బండి మీద నిలబెట్టి, మోకులతో నాలుగు దిక్కులా పట్టుకుని, త్రికోటేశ్వరుడి కొండ దాకా లాక్కుపోతారు. ఊరంతా చందా వేసుకుంటుంది. పైచదువులకు, ఉద్యోగాలకు పోయిన పిల్లలు ఈ రాత్రికి తిరిగొస్తారు. మొక్కు ఒక మనిషిది కాదు, ఊరిది.

దిగి చూద్దామని పెద్దాయన లేచాడు. మీరూ దిగారు. చట్రం మీద కుర్రాళ్లు కోతుల్లా ఎక్కి బల్బుల దండలు కడుతున్నారు. కింద ఒకతను తీగెలు కలుపుతూ, "రెడీనా బావా?" అని అరిచాడు. పైనుంచి "వెయ్యి!" అన్నారు.

మొదట అడ్డంగా కొన్ని చుక్కలు వెలిగాయి. వాటి కింద ఇంకొన్ని. చుక్క చుక్క కలిసి ఒక అక్షరమైంది, అక్షరం పక్కన అక్షరం చేరింది. నిండు చీకట్లో, తాటిచెట్ల పైన, ఆ పల్లె పేరు ఎర్రగా పచ్చగా నిలబడింది. జనం ఒక్కసారిగా "హరహర మహాదేవ" అన్నారు.

పెద్దాయన సంచి చంకలో ఇరికించుకుని, రెండు చేతులూ జోడించి, తలెత్తి చూస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. మంత్రమేమో అనుకున్నారు మీరు. దగ్గరికి వెళ్లి వింటే, ఆయన ఆ వెలిగే అక్షరాలను ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతున్నాడు.